నేను తెంపిన తీగ, మామ కట్టిన ముడి

ఉద్యోగంలో పరువు పోగొట్టుకున్నవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. అత్తగారి ఊళ్ళో పోగొట్టుకున్నవాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉంటారు. ఈ రెండు పనులూ ఒకే సాయంత్రం, ఒకే బల్ల దగ్గర, ఊరిపెద్ద తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తూ పూర్తి చేసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అనుకుంటాను. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. బోగోలు పక్కన సముద్రం ఒడ్డున ఉన్న మా అత్తగారి పాలెంలో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. మీరు కొత్తగా చేర్చేదేమీ ఉండదు.

అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది నిండలేదు. ఉద్యోగం అంతకంటే కొత్తది. నెల్లూరులో కరెంటు సామాన్లు అమ్మే కంపెనీ ఒకటి నన్ను చేర్చుకుని, మెడలో ఒక కార్డు వేసి, చేతికి ఒక సంచి ఇచ్చి, ఊళ్ళమీద వదిలింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త ఉద్యోగి పొద్దే కాదు, తన హద్దు కూడా ఎరగడు. ఇంట్లో బల్బు పోతే మా ఆవిడ జ్యోతి మారుస్తుండగా, కింద నిలబడి నేను ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి.

ఆ సంచిలో ఉండే ముఖ్యమైన వస్తువు పేరు ఆర్క్ ఫాల్ట్ డిటెక్టర్. అరచేతిలో పట్టేంత ఉంటుంది. తీగ ఎక్కడైనా తెగి, కొసలు అంటీ అంటనట్టు ఉన్నాయనుకోండి, కరెంటు పోతున్నప్పుడు వాటి మధ్య సన్నగా నిప్పురవ్వలు లేస్తుంటాయి. మామూలు ఫ్యూజుకి అది పట్టదు. కరెంటు మరీ ఎక్కువ లాగితే తప్ప దానికి మెలకువ రాదు. ఈ పరికరం మాత్రం ఆ రవ్వను పసిగట్టి, తన స్విచ్చి తానే టప్పున కిందికి పడేసి కరెంటు ఆపేస్తుంది. పాలెంలో దానికి స్పార్కు పెట్టె అని పేరు పెట్టారు. నాకూ ఇప్పుడు అదే అలవాటైపోయింది.

పాలెంలో దాని అవసరం మాటల్లో చెప్పేది కాదు. అంతకుముందు ఏడాది అక్కడి వలల షెడ్డు కాలిపోయింది. గోడలో తీగ ఒకటి ఎన్నాళ్ళనుంచో లోపల్లోపల రవ్వలు రాలుస్తూ ఉండిందట. ఉప్పుగాలికి రాగి ఎంతకాలం నిలుస్తుంది చెప్పండి. మా మామ పోలయ్య వలలన్నీ అందులోనే పోయాయి. షెడ్డు మళ్ళీ కట్టారు, వలలు మళ్ళీ కొన్నారు. మామకు మాత్రం నిద్ర తిరిగి రాలేదు. ఆనాటినుంచి చాప చంకలో పెట్టుకుని వెళ్ళి షెడ్డు వాకిట్లోనే పడుకునేవాడు. పొగ వాసన వస్తే లేవాలని. వానొచ్చినా అక్కడే, చలేసినా అక్కడే. దగ్గు పట్టుకుంది. జ్యోతి ఏడ్చింది, పోట్లాడింది, అన్నం మానేసింది. ఆయన కదల్లేదు.

"ఊరి వలలుండాయి మే అందులో. నాకు ఇంట్లో పడుకుంటే కన్ను మూతపడదు" అనేవాడు.

అందుకని జ్యోతి నన్ను పట్టుకుంది. "బావా, నువ్వు ఊరూరా చూపిస్తుండావే, ఆ పెట్టె మా షెడ్డులో పెట్టించు. అది కాపలా ఉంటే మా నాయన ఇంటికొచ్చి పడుకుంటాడు."

"పెట్టించడం ఎంతసేపు? ఊరోళ్ళందర్నీ ఒకచోట చేర్చమను. నేనొచ్చి ఒక్కసారి చూపిస్తే నోళ్ళు తెరుచుకుని చూస్తారు" అన్నాను. నోళ్ళు తెరుచుకున్న మాట నిజమే. ఆ సంగతికే వస్తున్నాను.

ఈ పరికరాన్ని చూపించాలంటే ముందు ఒక పాడైపోయిన తీగ కావాలి. మంచి తీగ పెడితే రవ్వ రాదు, రవ్వ రాకపోతే పెట్టె కదలదు. మీరేమో తీగ పాడుచెయ్యడం చాలా సులువనుకుంటారు. కాదండీ. అడ్డంగా కోసేస్తే అసలు కరెంటే పోదు. ఊరికే గీరితే హాయిగా పోతుంది. సరిగ్గా మధ్యస్థంగా, కొసలు ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు, పైన తొడుగు కాస్త మాడినట్టు చెయ్యాలి. దానికోసం నేను రోజులతరబడి తీగలు కోసి, కాల్చి, పారేసి, చివరికి అచ్చంగా చెడిన తీగ ఒకటి తయారుచేశాను. దాన్ని చూసుకుంటే నాకే ముద్దొచ్చేది. చెరపకురా చెడేవు అన్నారు పెద్దలు. తీగల సంగతి కూడా ఆ మాటలోకి వస్తుందని నాకెవరూ చెప్పలేదు.

ఆ తీగను ఒక చెక్కపెట్టెలో బిగించాను. ఆ పెట్టెకు జనం కూర్చునే వైపు అద్దం. నేను నిలబడే వైపు చెక్క, ఆ చెక్కకు ఒక పిడి. పిడి లాగితే లోపల తీగ కొసలు వెంట్రుకవాసి ఎడమై రవ్వ లేస్తుంది. కరెంటు స్పార్కు పెట్టెలోంచి వచ్చి, ఈ చెడిన తీగ గుండా వెళ్ళి, చివర ఒక ఇస్త్రీపెట్టెకు చేరుతుంది. కరెంటు బాగా లాగే వస్తువు ఏదో ఒకటి ఉండాలి కాబట్టి ఇస్త్రీపెట్టె పెట్టుకున్నాను. ఇదంతా గుర్తుపెట్టుకోండి. ముఖ్యంగా అద్దం నా వైపు లేదన్న సంగతి.

ప్రదర్శనకు ముందురోజు సాయంత్రం పాలెం చేరాం. సామానంతా వసారాలో దించాను. మామ వచ్చి చెక్కపెట్టె చుట్టూ తిరిగాడు.

"ఏందబ్బయా ఇందులో?"

"కంపెనీ సామాను మామా."

"తీగలు గదా?"

"తీగలే. అయినా నీకు అర్థం కాదులే. చెయ్యి పెట్టబాక."

ఆ మాట అన్న నోటిని తర్వాత చాలాసార్లు తిట్టుకున్నాను. రెండు ముక్కల్లో చెప్పి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు మీ చెవిన ఒక సంగతి వేస్తాను. అప్పటి నాకు మాత్రం చెప్పకండి. ఆ పాలెంలో ఒక పద్ధతి ఉంది. ఒడ్డున ఆరేసిన వల ఎక్కడైనా చిరిగి కనబడితే, అటుగా పోయేవాడు కూర్చుని నాలుగు కన్నులు అల్లి లేచిపోతాడు. వల ఎవరిదని అడగడు. తాను బాగుచేశానని ఎవరికీ చెప్పడు. చెబితే మర్యాద కాదు. తెల్లవారి నేను గుర్రుపెట్టి నిద్రపోతున్నప్పుడు, అల్లుడి పెట్టె పదిమంది చూసేది కదా అని మామ దాని అద్దం తుడవబోయాడు. లోపల తెగిపోయిన తీగ కనబడింది. ఆయన అద్దం తీసి, కొసలు మెలిపెట్టి, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, దానిమీద వల అల్లే నైలాన్ దారంతో వరసగా ముళ్ళు వేసి, అద్దం మళ్ళీ బిగించి, చేతులు కడుక్కుని టీ తాగాడు. ఎవరికీ చెప్పలేదు.

ఎండ తగ్గాక షెడ్డు ముందర బల్ల వేశారు. పాలెమంతా వచ్చి ఇసుకలో కూర్చుంది. ముందు వరసలో ఊరిపెద్ద శేషయ్యగారు. ఆయన పక్కన మా మామ, ఉతికిన చొక్కా వేసుకుని, పెళ్ళికొడుకు తండ్రిలా నిటారుగా. నేను బల్ల వెనకాల నిలబడి గొంతు సవరించుకున్నాను.

"పెద్దలారా, ముందుగా ఈ అద్దంలోంచి తీగను చూడండి. ఎట్టా ఉండాది?"

"బాగుండాది" అన్నారు శేషయ్యగారు.

నేను జాలిగా నవ్వాను. "మీకు అట్టా అనిపిస్తుంది. బాగా చూడండి."

మామ పొరుగింటి రమణమ్మ మోకాళ్ళమీద ముందుకు జరిగి, అద్దానికి ముక్కు ఆనించి చూసింది. "బలే ఉండాది అబ్బయా. ఎవరు చేసినారో గానీ చక్కంగా చేసినారు."

చేసింది నేనే కదా. సిగ్గుపడ్డాను కూడా. "నేనే పిన్నీ. చాలా కష్టపడినా."

మామ నావైపు కొంచెం ఆశ్చర్యంగా చూశాడు. తాను చేసిన పనిని అల్లుడు తనదని చెప్పుకుంటుంటే, నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఎక్కడైనా దాక్కోవాలనిపిస్తుంది.

"ఇట్టాంటి తీగ ఇంట్లో ఉంటే ఇల్లు తగలబడిపోతుంది" అన్నాను.

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎందుకు తగలబడతాది? అంత గట్టింగా ఉంటే" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

వీళ్ళకు చదువు చెప్పాలంటే నా తరమా అనుకుని, స్విచ్చి వేశాను. ఇస్త్రీపెట్టె ఎర్రదీపం వెలిగింది. "ఇప్పుడు చూడండి. నేను పిడి లాగంగానే రవ్వ లేస్తాది. రవ్వ లేవంగానే ఈ పెట్టె కరెంటు ఆపేస్తాది. ఎవరూ భయపడొద్దు." పిడి లాగాను.

ఏమీ కాలేదు. మళ్ళీ లాగాను. కాలు బల్లకు తన్నిపెట్టి లాగాను. అది వంజరం చేపలు పట్టే వలకు వేసే ముడి. సముద్రమే దాన్ని ఊడదియ్యలేదు, ఇక నేనెంత? పిడి మాత్రం ఊడి నా చేతిలోకి వచ్చింది.

జనం భయపడలేదు. ఇస్త్రీపెట్టె మాత్రం దివ్యంగా కాలింది. రమణమ్మ అటు ఇటు చూసి లేచి ఇంటికి వెళ్ళి, ఒక చొక్కా పట్టుకొచ్చింది.

"అబ్బయా, పెట్టె ఊరికే కాలిపోతుండాది గదా. మాయాయన చొక్కా ఇదొకటి రుద్దీ. మా ఇస్త్రీపెట్టె సరింగా కాలడంలా."

"పిన్నీ, ఇది ప్రదర్శన."

"అట్నే కానీ. చూపిస్తా చూపిస్తానే రుద్దు."

చొక్కా అందుకున్నాను. ఏదో ఒకటి చేస్తూ ఉంటే జనం లేచిపోరన్న ఆశ. ఒక చేత్తో చొక్కా రుద్దుతూ రెండో చేత్తో స్పార్కు పెట్టెను తట్టుతూ, నిప్పురవ్వల ప్రమాదం గురించి చెబుతున్నాను. శేషయ్యగారికి ఆ మర్నాడు కావలిలో పెళ్ళి ఉందట. ఆయన ఇంటినుంచి తెల్లచొక్కా, పంచె వచ్చాయి. ఆ వెనక ఎవరిదో పట్టుచీర వచ్చింది. కాసేపట్లో బల్ల ముందర వరస కట్టేశారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంటినీ రచ్చనీ కలిపి ఇస్త్రీ చేస్తున్నాను.

చివరికి నాకు ఓపిక పోయింది. డెమో చేసేవాడు చచ్చినా అనకూడని మాట అనేశాను. "ఈ పీసు పనిచెయ్యడంలా. ఇది పాడు పెట్టె."

శేషయ్యగారు మడత నలగకుండా చొక్కా చంకలో పెట్టుకుని లేచారు. ఆయన మాట మెత్తగానే ఉంది. "పోనీలే అబ్బయా, నువ్వేం చేస్తావు. పనిచెయ్యనిదాన్ని నమ్ముకోని ఊరి వలలు వదిలెయ్యలేం గదా. మీ మామ ఎట్టాగూ ఉండాడు కాపలా."

మామ తల ఊపాడు. "నేనుండాను లెండి" అన్నాడు, అని దగ్గాడు.

జ్యోతి ముఖం చూడలేకపోయాను. ఆమె బల్ల చుట్టూ తిరిగి అవతలి వైపుకు వెళ్ళింది. వంగి అద్దంలోకి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను.

"బావా, ఇట్టా రా."

"ఏంది?"

"ముందర్నుంచి చూడు."

వెళ్ళి చూశాను. నా చెడిన తీగ ఎక్కడా లేదు. దాని స్థానంలో వరసగా ముళ్ళు, ఒక్కటి ఎక్కువ తక్కువ లేకుండా, చిన్నపిల్లకు జడ వేసినట్టు అంత శ్రద్ధగా వేసిన కట్టు. అలాంటి కట్టు వేసే చెయ్యి ఆ పాలెంలో ఎవరిదో నాక్కూడా తెలుసు.

"ఎవరు చెయ్యమన్నారు మామా నిన్ను?" అని గట్టిగా అరిచాను. ఊరందరి ముందరా.

మామ లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చొక్కా అంచు పట్టుకున్నాడు. "తెగిపోయుండాది గదా అబ్బయా. పదిమంది ముందర నువ్వు తెగిన తీగ పెట్టుకోని నిలబడితే ఎగతాళి చేస్తారని."

ఆ మాట వినగానే నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఏడాదిగా ఇంట్లో పడుకోని మనిషి, పొద్దున్నే లేచి నా పరువుకు కుట్టు వేశాడు. నేనేమో ఆయన మీద అరిచాను.

"తప్పు నాది మామా. అది నేనే తెంపినా."

"నువ్వా? ఎందుకు?"

"చూపించేదానికి."

"మంచి తీగను?"

"ఊఁ. నాలుగు రోజులు కూర్చోని తెంపినా."

ఆయన జ్యోతి వైపు చూశాడు. మతి సరిగ్గా లేనివాడికి పిల్లనిచ్చానా అన్న దిగులు ఆ చూపులో స్పష్టంగా ఉంది.

అప్పుడు, మొదటిసారిగా, ఆయన పక్కన ఇసుకలో కూర్చుని అంతా చెప్పాను. రవ్వ ఎందుకు వస్తుందో, ఫ్యూజు ఎందుకు లేవదో, ఈ పెట్టె ఏం చేస్తుందో. చెప్పడానికి ఒక టీ తాగేంత సేపు కూడా పట్టలేదు. మామ శ్రద్ధగా విన్నాడు. "అంటే తెగిన చోట అది ఊరికే ఉండదు. రవ్వ వస్తే పడిపోతాది. రవ్వ లేకపోతే పడదు. అంతేనా?"

"అంతే మామా."

"ఇది చెప్పేదానికి అర్థం కాదులే అన్నావు" అన్నాడు. తిట్టినట్టు కాదు, నన్ను చూసి జాలిపడినట్టు.

ఈలోగా రమణమ్మ కొంగు దోపుకుంది. "చెడిన తీగ కావాలంటే దానికి ఇంత బాధెందుకు? మా ఇంట్లో తీగలన్నీ అట్టాంటివే." పక్కావిడకు అది నచ్చలేదు. "మీవేం చెడినాయిలే, మా హీటరు తీగ చూడు" అంది. ఇంకొకావిడ తమ ఫ్యాను వైరు పేరెత్తింది. ఎవరి తీగ ఎక్కువ అధ్వాన్నమో తేల్చుకోవడానికి కాసేపు పోట్లాట జరిగింది. రోజులతరబడి నేను పడిన శ్రమ నా కళ్ళముందే పరువు కోల్పోయింది.

చివరికి రమణమ్మ తన ఇస్త్రీపెట్టె తెచ్చింది. ఊపితే కాలుతుంది, వదిలేస్తే ఆరిపోతుంది. ప్లగ్గు దగ్గర తీగ నల్లగా మాడి ఉంది. అందర్నీ దూరం జరిపి, దాన్ని స్పార్కు పెట్టెకు తగిలించి స్విచ్చి వేశాను. ఒక పొడుగు వెదురుకర్రతో తీగను కదిలించాను. చిటచిటమంది. నీలంగా ఒక మెరుపు. వెంటనే టప్పున శబ్దం, దీపం ఆరిపోయింది.

దూరం జరిగినవాళ్ళు మళ్ళీ దగ్గరికి జరిగారు.

"ఇంకోతూరి" అన్నారు శేషయ్యగారు.

మళ్ళీ టప్. ఆయన ఇస్త్రీ చొక్కా నలిగిపోతున్నా పట్టించుకోకుండా ఇసుకలో చతికిలబడ్డారు. "పెట్టిద్దాం" అన్నారు. రమణమ్మ మాత్రం చిన్నబుచ్చుకుంది. "ఇన్నేళ్ళుగా నడిచే ఇస్త్రీపెట్టె. దీన్ని దొంగను పట్టినట్టు పట్టింది" అని ఇస్త్రీపెట్టెను చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడే స్పార్కు పెట్టెను షెడ్డులో బిగించాం. పొద్దుగూకే వేళ, వలలు అల్లుకునేందుకు పెట్టిన పెద్ద ఫోకస్ లైట్లు వేశారు. వెలిగాయి. అందరూ చప్పట్లు కొట్టబోతున్నారు. టప్. చీకటి.

పడిపోయిన స్విచ్చి మళ్ళీ ఎత్తాను. మళ్ళీ టప్.

ఇప్పటికైనా నాకు బుద్ధి వచ్చి ఉంటుందని మీరు అనుకుంటున్నారు. మీ మంచితనానికి నమస్కారం. నా నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. "ఈ పీసు కూడా పోయినట్టుండాది."

"ఉండబ్బయా" అన్నాడు మామ చీకట్లోంచి. "రవ్వ లేకపోతే అది పడదని నువ్వే గదా చెప్పినావు."

నేను చెప్పిన మాటను నాకంటే ఆయన ఎక్కువ నమ్మాడు. టార్చి వేసుకుని గోడ వెంబడి తీగ పట్టుకుని నడిచాడు. నేను వెనక నడిచాను. షెడ్డు కొసన వలలు మనిషెత్తు పేర్చి ఉన్నాయి. వాటిని పక్కకు లాగాం. వెనక గోడమీద, తీగ అతుకు దగ్గర బొగ్గులా నల్లటి మచ్చ. దానికి ఆనుకుని ఉన్న వల అంచులో నైలాను కొంచెం కరిగి ఉండలు కట్టి ఉంది. కొత్త షెడ్డు, కొత్త తీగ, ఉప్పుగాలి మాత్రం పాతదే. ఏడాదిగా ఆయన వాకిట్లో పడుకుని పొగ కోసం వాసన చూస్తుంటే, నిప్పు లోపల ఇక్కడ కూర్చుని ఉంది.

మామ ఆ కరిగిన అంచును వేళ్ళతో తడిమాడు. జ్యోతి వచ్చి ఆయన భుజం పట్టుకుంది.

మామ నావైపు తిరిగాడు. "అబ్బయా, దీన్ని బాగు చెయ్యొచ్చునా?" అని ఆగి, చాలా మర్యాదగా అడిగాడు. "లేకపోతే ఇది గూడా నువ్వే కష్టపడి తెంపినావా?"

షెడ్డు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. నేను నవ్వుతూ ఏడ్చాను, ఏడుస్తూ ఆ తీగ మార్చాను. ఈసారి దీపాలు వెలిగి, వెలుగుతూనే ఉన్నాయి.

ఆ రాత్రి మామ చాప చుట్టుకుని ఇంటికొచ్చాడు. అన్నం తిని, నడుం వాల్చిన మరుక్షణం నిద్రపోయాడు. ఏడాది బాకీ నిద్ర కదా, గురక కూడా ఏడాదికి సరిపడా పెట్టాడు. ఇంట్లో మేమెవరమూ కన్ను మూయలేదు. జ్యోతి గడపమీద కూర్చుని ఆ గురక వింటూ తెల్లవార్లూ నవ్వుతూనే ఉంది. ఆ గురకను పసిగట్టి ఆపే పెట్టె ఎవరైనా కనిపెట్టినా సరే, దాన్ని మా ఇంటి ఛాయలకు రానివ్వనని ఆమె నాచేత ఒట్టు వేయించుకుంది.

ఆ ఒట్టుతో పాటు నేను సొంతంగా మరొకటి వేసుకున్నాను. ఉప్పుగాలి సాక్షిగా, నా చేతిలోకి ఊడివచ్చిన పిడి సాక్షిగా చెబుతున్నాను. ఇక ఈ జన్మలో ఏ వస్తువునూ దాని ముందరికెళ్ళి చూసుకోకుండా పదిమందికి చూపించను. మా మామతో "నీకు అర్థం కాదులే" అనను. ఆ మాట ఎప్పుడైనా నాలుక చివరిదాకా వచ్చిందంటే, పట్టుకుని ముడి వెయ్యమని ఆయనకే చెప్పి ఉంచాను. ఆయన ముడి వేస్తే ఊడదని తెలిసే చెప్పాను.